డీఎన్‌ఏ పరీక్ష చేసిన ఎర్రచందనం మొక్క కొనవచ్చా? అసలు జీనోమిక్స్ అడవి చెట్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు రాజంపేట వైపు మూడెకరాల రాళ్ళనేలలో ఎర్రచందనం పెడదామనుకుంటున్నారు. ఒక నర్సరీవాళ్ళు "డీఎన్‌ఏ పరీక్ష చేసిన మేలురకం, పదిహేనేళ్ళకే చేవ గ్యారంటీ" (చేవ అంటే ధర పలికే లోపలి ఎర్రచెక్క) అని చెప్పి, మామూలు నారుకు ఎన్నో రెట్ల ధర అడుగుతున్నారట. ఆ మాట నమ్మవచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఈ జీనోమిక్స్ (జీవి డీఎన్‌ఏ మొత్తాన్ని, అంటే జీనోమ్‌ను చదివే విద్య) వల్ల శేషాచలంలో మిగిలిన చెట్లకు ఏమైనా ఒరుగుతుందా అన్నది రెండోది. నేను ఇరవై ఏళ్ళకు పైగా చెట్ల మెరుగుదల పనిలో ఉన్నాను. సగం రోజులు నర్సరీలో, సగం రోజులు ల్యాబ్‌లో గడిచాయి. అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ఆ కారణంతో అయితే కొనకండి. డీఎన్‌ఏ పరీక్ష ఇది ఎర్రచందనమా కాదా అన్నది చెబుతుంది. ఈ మొక్క ఫలానా తల్లిచెట్టుకు క్లోనా (దాని కొమ్మ నుంచే పెంచిన అచ్చు నకలా) కాదా అన్నది చెబుతుంది. రెండు మొక్కలు అక్కచెల్లెళ్ళా, ఏ సంబంధమూ లేనివా అన్నది కూడా చెబుతుంది. పదిహేనేళ్ళకు ఎంత చేవ పడుతుందో మాత్రం ఇవాళ ఎర్రచందనం ఆకు చూసి ఏ ల్యాబూ చెప్పలేదు. ఇక రెండో ప్రశ్నకు జవాబు: ఒరుగుతుంది, చాలా ఒరుగుతుంది. నా లెక్కలో ఎర్రచందనానికి ఈ విద్య ముందుగా ఉపయోగపడాల్సింది అడవిలోనే, తోటలో కాదు.

మొదటిదానికి కారణం చెబుతాను. ఇది ఎర్రచందనమేనా అని తేల్చుకోవడానికి మీకు ల్యాబ్ అక్కర్లేదు. మొక్క కాస్త ఎదిగాక ఆకు చూడండి. మారేడు దళంలా సాధారణంగా మూడే ఉంటాయి, అప్పుడప్పుడు ఐదు. ఆకు చివర గుండ్రంగా ఉండి, మధ్యలో గోటితో నొక్కినట్టు చిన్న నొక్కు ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టమైన వేగిసకు (షుగర్‌కని నీళ్ళు పోసుకు తాగే చెక్క గ్లాసులు చేస్తారే, ఆ చెట్టు) ఐదు నుంచి ఏడు దాకా ఉంటాయి. నర్సరీవాళ్ళు చూపించే సర్టిఫికెట్‌లో "జాతి నిర్ధారణ" అని మాత్రమే ఉంటే, మీరు కంటితో చూసి తెలుసుకోగలిగిన దానికి డబ్బు పెడుతున్నట్టే. సర్టిఫికెట్ ఇమ్మనండి, ఇస్తే అందులో ఏం పరీక్షించారో చదవండి.

"పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అంటారు. ఎర్రచందనం విషయంలో ఆ మాట పనిచేయదు. రెండేళ్ళ మొక్కల్లో నిటారుగా, ఏపుగా ఉన్నది ఇరవై ఐదేళ్ళకు గొప్ప చెట్టు అవుతుందని ఏమీ లేదు. చెట్ల మెరుగుదలలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. వరిలో ఒక రకం బాగుందో లేదో నాలుగు నెలల్లో తెలుస్తుంది. చెట్టులో తెలియడానికి మనిషి ఉద్యోగకాలం సరిపోదు. మొక్కప్పుడే మాను ఎలా ఉంటుందో తెలుసుకునే దారి ఏదైనా ఉందా అన్న తపనలోంచే అటవీ వృక్షాల జీనోమిక్స్ ఇంత పెరిగింది.

ఆ దారి ఉంది. ఎలాగంటే, ముందు వందలు వేల చెట్లున్న ఒక ప్రయోగ తోట కావాలి. ప్రతి చెట్టు చుట్టుకొలత, ఎత్తు, చెక్క గుణం ఏళ్ళ తరబడి కొలిచి రాసి ఉండాలి. ఆ చెట్లన్నిటి డీఎన్‌ఏలో వేల చోట్ల ఏ అక్షరం (డీఎన్‌ఏ వరసలో ఒక్కో రసాయన ముక్కను అక్షరం అంటారు) ఉందో చదువుతారు. ఏ అక్షరాలు ఉన్న చెట్లు బాగా లావెక్కాయో లెక్కగట్టి ఒక సూత్రం తయారుచేస్తారు. తర్వాత పుట్టిన మొక్క ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి ఆ సూత్రంలో వేస్తే ఇది ఎలా పెరగవచ్చో ఒక అంచనా వస్తుంది. దీన్నే జీనోమిక్ సెలెక్షన్ అంటారు. కొలిచిన తోట లేకపోతే సూత్రం లేదు, సూత్రం లేకపోతే డీఎన్‌ఏ చదివినా అది అర్థం తెలియని అక్షరాల వరస.

జామాయిల్‌లో ఇది నిజంగా పనిచేస్తోంది. 2014లో జామాయిల్ జీనోమ్ పూర్తిగా చదివారు. సుమారు 64 కోట్ల అక్షరాలు, 36,376 జీన్లు. ఆ వెంటనే ఒకేసారి 60 వేల చోట్ల డీఎన్‌ఏ చదివే చిప్ వచ్చింది. బ్రెజిల్‌లో పుష్కరం పైగా పట్టే ఒక తరం మెరుగుదలను బాగా కుదించవచ్చని చూపించారు. అక్కడ కుదరడానికి కారణాలున్నాయి. ఆరేడేళ్ళకే నరుకుతారు, కొలతల రికార్డులు దశాబ్దాలుగా ఉన్నాయి, కొనేది పేపర్ మిల్లు కాబట్టి ఏం కావాలో స్పష్టంగా తెలుసు. మన దగ్గర 1989 నుంచి భద్రాచలంలో మొదలైన జామాయిల్ క్లోన్ల పని సంగతి మీరు వినే ఉంటారు. అది డీఎన్‌ఏ చదివి చేసింది కాదు. మంచి చెట్టును కంటితో ఎంచి, దాని కొమ్మలను వేరు పట్టించి, రకరకాల నేలల్లో పెట్టి, కొలిచి, నిలబడినవాటినే ఉంచుకున్నారు. కోస్తాలో, ఖమ్మంలో రైతుల దిగుబడి మార్చింది ఆ ఓపికే. జీనోమిక్స్ అలాంటి పనిని తొందరగా చేయిస్తుంది, ఆ పని చేయకుండా తప్పించుకునే వీలు మాత్రం ఇవ్వదు.

ఇప్పుడు ఎర్రచందనానికి రండి. చేవ అన్నది మధ్యలో ఎర్రగా గట్టిపడే చెక్క, చుట్టూ ఉండే తెల్లచెక్కకు ధర లేదు. చేవ ఎప్పుడు మొదలవుతుంది, ఎంత పడుతుంది అన్నది వంశం మీద కొంత, నేల మీద కొంత, నీళ్ళ మీద కొంత ఆధారపడుతుంది. నల్లరేగడిలో డ్రిప్ పెట్టి, ఎరువులు వేసి పెంచిన తోటలు చూశాను. పదేళ్ళకే తొడంత లావు. ఒక చెట్టు గాలికి విరిగితే మొదలు కోయించి చూశాం. అడ్డుకోతలో మధ్యన రూపాయి బిళ్ళంత ఎరుపు, మిగతాదంతా పాలిపోయిన తెలుపు. ఆ రైతు మొహం నాకింకా గుర్తే. అదే ఏడాది కొండవాలున, పలుగురాళ్ళ నేలలో, దీనిలో సగం లావు కూడా లేని ఒక పాత చెట్టు ఎండిపోయి పడితే చూశాం. వేలెడు మందం తెల్లచెక్క పోగా మిగతాదంతా చేవే. దాని వయసు ఎంతో మరి! ఈ రెండిటిలో వంశం వాటా ఎంత, నేల వాటా ఎంత అని విడదీయాలంటే ఒకే వంశాల మొక్కలను వేర్వేరు నేలల్లో పెట్టి, పాతికేళ్ళు ఆగి, లోపలి చెక్క కొలవాలి. అడ్డదారి లేదు. "పదిహేనేళ్ళకే చేవ గ్యారంటీ" అన్నవాళ్ళను అడగండి, ఆ కొలిచిన తోట ఎక్కడుంది, ఎన్నేళ్ళది అని.

ఉంగరాల గీత ఉన్న చెక్క సంగతీ అంతే. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం మెడకు ఎర్రచందనం వాడతారు. చెక్కలో అలలు తిరిగిన గీత ఉంటే ధర బాగా ఎక్కువ. నిలబడి ఉన్న చెట్టును బయటి నుంచి చూసి అది ఉన్నదీ లేనిదీ ఖాయంగా చెప్పడం కష్టం. దానికి డీఎన్‌ఏ గుర్తు దొరికితే గొప్ప సంగతే. ఆ గుర్తు మా దగ్గరుందని ఎవరైనా మీతో అంటే, ఎన్ని చెట్లు కోసి చూసి నిర్ధారించారో అడగండి.

క్లోన్ అంటే మేలు అని మాత్రమే అనుకోకండి. 2008 ప్రాంతంలో ప్రకాశం జిల్లాలో ఒక పెద్ద జామాయిల్ తోట చూడ్డానికి వెళ్ళాను. మొత్తం ఒకే క్లోన్. ఆకు ఈనెల మీద, లేత కొమ్మల మీద ఆవగింజలు అంటించినట్టు వరసగా బుడిపెలు. ఒక్కో బుడిపెలో ఒక్కో పురుగు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక మిల్లీమీటరు కందిరీగ అది, మన దేశంలో 2001లో కనబడింది. ఆ తోటలో చివుళ్ళన్నీ గిడసబారిపోయాయి. గట్టుకు అవతల ఇంకో రైతు గింజ నారుతో వేసిన తోటలో కొన్ని చెట్లకు బాగా పట్టింది, కొన్నిటికి కొంచెం, కొన్ని శుభ్రంగా ఉన్నాయి. గింజ నారులో దిగుబడి తక్కువే, నిజమే. కానీ ఆ ఏడాది నష్టం ఎవరికి ఎక్కువ వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆరేళ్ళ పంటలో అలాంటి దెబ్బ తగిలితే నరికి మళ్ళీ వేసుకుంటారు. పాతికేళ్ళ ఎర్రచందనంలో పదిహేనో ఏట తగిలితే ఏం చేస్తారు?

డీఎన్‌ఏ పరీక్ష నాకు నిజంగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట తల్లిమొక్కల మడులు ఉండేవి. ఒక్కో వరసకు ఒక్కో క్లోన్ నంబరు రేకు ముక్క మీద రాసి గుచ్చేవాళ్ళం. రెండు వానాకాలాలు గడిచాయి, కూలీలు మారారు, కొన్ని రేకులు ఊడిపోతే మళ్ళీ గుచ్చారు. రెండు వేర్వేరు నంబర్ల మొక్కలు అచ్చం ఒకేలా కనబడుతున్నాయని మా దగ్గర మడులు చూసే పెద్దాయన పదేపదే అనేవాడు. చివరికి ఆకులు తీసి డీఎన్‌ఏ వేలిముద్ర చేయిస్తే ఆ రెండూ ఒకే చెట్టు. మూడో వరసలో రెండు క్లోన్లు కలిసిపోయి ఉన్నాయి. అప్పటికే ఆ పేర్లతో వేల మొక్కలు బయటికి వెళ్ళిపోయాయి. ఆ రోజు నుంచి మడి నుంచి కొమ్మ తీసే ముందు పరీక్ష చేయించనిదే నంబరు రాయనిచ్చేవాణ్ణి కాదు. చాలా చవకైన, చిన్న పరీక్ష ఇది. జీనోమ్ మొత్తం చదవక్కర్లేదు, డీఎన్‌ఏలో పదిపన్నెండు చోట్ల ఉండే గుర్తులు చూస్తే చాలు. మీ నర్సరీవాళ్ళు "డీఎన్‌ఏ పరీక్ష" అంటున్నది ఇదే అయితే, అది మొక్క ఎవరిదో చెబుతుంది. మంచిదో కాదో చెప్పదు.

ఇక అడవి మాట. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమలలో కొంత. 1995లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కింది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018లో ప్రమాదస్థాయి తగ్గించి, 2021లో మళ్ళీ అంతరించే ప్రమాదం ఉన్న జాతుల్లో పెట్టింది. దొంగలు నరికేది ఏ చెట్టును? లావుగా, నిటారుగా, చేవ నిండుగా ఉన్నదాన్ని. వంకరవి, సన్నవి వదిలేస్తారు. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే గింజ పెట్టేవి ఆ మిగిలిన చెట్లే. రైతు మంచి కంకులు తినేసి తాలు గింజలు విత్తనానికి దాచుకున్నట్టు ఉంటుంది. అడవి పచ్చగానే కనబడుతుంది, చెట్ల లెక్క కూడా అంతగా తగ్గినట్టు అనిపించదు, లోపల వైవిధ్యం మాత్రం జారిపోతుంటుంది. కంటికి కనబడని ఆ నష్టాన్ని చూపించగలిగేది జన్యు పరీక్షే.

కొండల మీద ఆకులు సేకరించడానికి అనుమతితో వెళ్ళినప్పటి సంగతి చెబుతాను. ఏటా ఆకు రాలిపోతుంది, కొత్తాకు వచ్చాక వెళ్ళాలి. తెల్లవారుజామున బయల్దేరి, ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ కనీసం వంద మీటర్ల దూరం ఉండేలా చూసుకుని, లేతాకులు నాలుగైదు తుంచి, చిన్న కవరులో సిలికా జెల్ గింజల మధ్య పెడతాం. గింజలు నీలంగా ఉన్నంతసేపు ఆకు ఎండుతున్నట్టు, గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. ఒకసారి ఉక్కపోత రోజున మార్చడం మరిచి, రెండు కొండల నమూనాలు బూజు పట్టించుకున్నాం, మళ్ళీ ఎక్కాల్సి వచ్చింది. ముదురాకు తెస్తే ల్యాబ్‌లో గొట్టంలో టీ డికాషన్‌లా గోధుమరంగు వస్తుంది, డీఎన్‌ఏ సరిగ్గా దిగదు. చేవ నుంచి తీయడం ఇంకా కష్టం. అందులో జీవకణాలే ఉండవు, పైగా ఆ ఎర్రరంగు పదార్థాలు పరీక్షకు అడ్డుపడతాయి. పట్టుబడిన దుంగ ఏ కొండదో డీఎన్‌ఏతో చెప్పాలంటే ముందు ప్రతి కొండ నుంచీ ఇలా ఆకులు తెచ్చి పటం తయారుచేసి పెట్టుకోవాలి. దుంగకు కాస్త తెల్లచెక్క మిగిలి ఉంటే పని సులువవుతుంది.

అలాంటి పటం ఉంటే ఏం చేయవచ్చు? ఏ కొండ చెట్లు మిగతావాటికి బాగా వేరుగా ఉన్నాయో తెలుస్తుంది, కాపలా ముందు అక్కడ పెట్టాలి. ఏ చోట చుట్టాలలో చుట్టాలే గింజ పెట్టుకుంటున్నాయో తెలుస్తుంది, అక్కడికి పక్క కొండ గింజ తేవాలా వద్దా అని ఆలోచించవచ్చు. అడవి పెంపకానికి గింజ ఎక్కడి నుంచి, ఎన్ని చెట్ల నుంచి తీయాలో చెప్పవచ్చు. ఇది చాలా ముఖ్యం. గింజలు ఏరేవాళ్ళు సహజంగానే రోడ్డు పక్కన, బాగా కాసిన ఒకటి రెండు చెట్ల కిందే ఆ రెక్కల కాయలు ఏరి బస్తా నింపుతారు. ఒకచోట నారుమడిలో అనుమానం వచ్చి పరీక్షిస్తే, ఆ మడిలో చూసినవన్నీ దాదాపు ఒక తల్లి బిడ్డలే. అలాంటి నారుతో వందల ఎకరాలు నాటితే కాగితం మీద అడవి పెరిగినట్టే ఉంటుంది. పాతికేళ్ళ తర్వాత ఆ చెట్లు తమలో తాము కలిసి పెట్టే గింజ నీరసంగా ఉంటుంది.

జీనోమ్ అసలు చదవాలా, పాత పద్ధతి గుర్తులు చాలవా అని కొందరు అడుగుతారు. పైన చెప్పిన పనుల్లో చాలావాటికి పాత గుర్తులే చాలు. కానీ పూర్తి జీనోమ్ పటం చేతిలో ఉంటే, ఎండకు తట్టుకునేవి ఏవి, రోగానికి తట్టుకునేవి ఏవి అన్న ప్రశ్నలు కూడా అడగవచ్చు. చెట్లలో మొట్టమొదట చదివింది 2006లో పాప్లర్. స్ప్రూస్ (చలిదేశాల్లో పెరిగే సూది ఆకుల చెట్టు) 2013లో అయింది, దాని జీనోమ్ దాదాపు 2,000 కోట్ల అక్షరాలు, మనిషిది 300 కోట్లే. మన టేకు, శ్రీగంధం రెండూ 2018లో అయ్యాయి. టేకు పని కోయంబత్తూరు అటవీ జన్యు పరిశోధన సంస్థ వాళ్ళది.

బ్రిటన్‌లో యాష్ చెట్లకు ఒక శిలీంధ్రం పట్టి చెట్లకు చెట్లే ఎండుతుంటే, అక్కడివాళ్ళు ప్రయోగ తోటల్లో 1,250కి పైగా చెట్ల డీఎన్‌ఏ చదివారు. తట్టుకున్నవీ కూలినవీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది ఏమిటంటే, కాపాడేది ఒక్క జీన్ కాదు, చిన్న చిన్న బలాలు ఇచ్చేవి ఎన్నో ఉన్నాయి. అంటే తట్టుకునే చెట్లను ఒకదానితో ఒకటి కలిపి తరతరానికీ బలం పెంచవచ్చు. బయటి జాతి అక్కర్లేదు. నాకు బాగా నచ్చిన పని అది, ఎందుకంటే మందు ఆ అడవిలోనే ఉందని చూపించింది.

అమెరికా చెస్ట్‌నట్ కథ వేరు. 1904లో న్యూయార్క్‌లో కనబడిన తెగులు కొన్ని దశాబ్దాల్లో వందల కోట్ల చెట్లను మింగేసింది. గోధుమ నుంచి ఒక జీన్ తెచ్చి పెట్టి, తెగులు వదిలే ఆమ్లాన్ని విరిచే చెట్టును తయారుచేశారు, డార్లింగ్ 58 అని పేరు. ఏళ్ళ తరబడి దాని సంతానాన్ని పెంచి, అనుమతులకు దరఖాస్తు చేశాక, 2023లో తేలింది అది 58 కాదు, డార్లింగ్ 54 అని. ఎక్కడో పుప్పొడి దగ్గర గుర్తు మారింది. జీన్ కూర్చున్న చోటు వేరు, అది చెట్టులోని వేరొక జీన్‌ను చెడగొట్టింది. ఆ ఏడాది డిసెంబరులో, ఆ చెట్టును తిరిగి నిలబెట్టే పనిలో ఉన్న చెస్ట్‌నట్ ఫౌండేషన్ మద్దతు ఉపసంహరించుకుంది. నా మడిలో రేకు ముక్కల సంగతి చదివినప్పుడు చిన్న విషయంలా అనిపించిందేమో, ఇది చూశాక మళ్ళీ ఆలోచించండి.

డీఎన్‌ఏ చదవడాన్నీ, ఇలా జీన్ తెచ్చి పెట్టడాన్నీ కలిపేసుకోకండి కూడా. జీనోమిక్స్ అంటే చాలామంది జన్యుమార్పిడి అనుకుని భయపడతారు. మట్టి పరీక్ష చేయించడానికీ ఎరువు వేయడానికీ ఉన్నంత తేడా ఉంది. చదవడం వల్ల చెట్టులో ఏదీ మారదు. మన దేశంలో జన్యుమార్పిడి రబ్బరు మొక్కను 2021లో గువాహటి దగ్గర ప్రయోగంగా నాటారు. ఎర్రచందనానికి అలాంటిది కావాలని నేననుకోవడం లేదు. దాని కష్టం గొడ్డలితో వచ్చింది, జీన్‌తో కాదు.

మళ్ళీ మీ మూడెకరాల దగ్గరికి వద్దాం. రాళ్ళనేల కాబట్టి ఎర్రచందనానికి అనువైనదే. మామూలు గింజ నారే తీసుకోండి. కానీ గింజ ఎన్ని తల్లిచెట్ల నుంచి, ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఇరవై ముప్పై చెట్ల నుంచి అని రాసి ఇవ్వగలిగితే, ఆ నారుకు కొంచెం ఎక్కువ ధర పెట్టినా తప్పులేదు. ఒక్కచోట కాకుండా రెండు మూడు నమ్మకమైన నర్సరీల నుంచి తీసుకుంటే ఇంకా మంచిది. క్లోన్లు పెట్టాలనే ఉంటే నాలుగో వంతుకు మించకుండా, మూడు నాలుగు రకాలు కలిపి పెట్టండి. నీళ్ళు మొదటి రెండు మూడు వేసవులు బతికించడానికే ఇవ్వండి, లావు కోసం కాదు. కోతకు అటవీశాఖ అనుమతి కావాలి కాబట్టి నాటిన ఏడే పొలం రికార్డుల్లో చెట్లు ఎక్కించుకోండి.

ఇంకొక్క పని చేయండి. ఏ వరసలో ఏ నర్సరీ మొక్క పెట్టారో ఒక నోటుబుక్కులో పటం గీసి, ఏటా సంక్రాంతికి ఛాతీ ఎత్తులో చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోండి. మూడెకరాలకు ఇద్దరు మనుషులకు ఒకటి రెండు రోజుల పని. ఎర్రచందనానికి కొలిచిన తోటలు కావాలని పైన అన్నాను కదా, మీ తోట పదేళ్ళకు అలాంటిదే అవుతుంది. అప్పుడు ఏ పరిశోధకుడైనా వచ్చి ఆకులు అడిగితే ఇవ్వండి, ఆ నోటుబుక్కు ఫొటో తీసుకోనివ్వండి, అసలుది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.